‘నానేటీ సెరపనేదు బావూ’: గల్లంతైన ఫైళ్ల మీద ఒక పని డైరీ

మొదటి రోజు, ఆదివారం

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి కాస్త దూరంలో మా మావయ్యకు డీటీపీ సెంటరు ఉంది. మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడడంతో శుభలేఖల పనీ, అరసవల్లి రథసప్తమికి కరపత్రాల పనీ ఒకేసారి మీద పడ్డాయి. సరిగ్గా ఈ సమయంలోనే ఫైళ్లు కనిపించకుండా పోవడం మొదలైంది. సెంటరులో మూడు కంప్యూటర్లు ఉన్నాయి. అందులో లోపలి గదిలోనిది పెద్ద మెషీను. దాని డి డ్రైవులో ‘పనులు’ అనే ఫోల్డర్‌ను మిగతా రెండింటికీ షేర్ చేసి పెట్టారు. ప్రూఫు దిద్దిన శుభలేఖ ఒకటి మొన్న సాయంత్రం ఆ ఫోల్డర్‌లో ఉండి, నిన్న ఉదయానికి లేదు. పెద్ద మెషీను రీసైకిల్ బిన్‌లోనూ లేదు. పెళ్లివారు ఎదురుగా కూర్చుని ఉండగా దాన్ని మళ్లీ మొదటి నుంచి కూర్చవలసి వచ్చింది.

అనుమానం పాతికేళ్లుగా అక్కడే పని చేస్తున్న పెద్ద ఆపరేటరు మీదికి పోయింది. ఆయన మాత్రం, ‘నానేటీ సెరపనేదు బావూ, నాకేటి పని దాంతోటి’ అని ఒకటే మాట మీద నిలబడ్డాడు. మావయ్య నన్ను పక్కకు పిలిచి, ‘ఎవరు తీసేస్తున్నారో కంప్యూటరే చెప్పేలా ఏదైనా చెయ్యరా’ అన్నాడు. కొత్త సాఫ్ట్‌వేరు కొనడం కన్నా విండోస్‌లో ఉన్న ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేసులతోనే చిన్న కాపలా ప్రోగ్రాము రాయవచ్చని నేను ఒప్పుకున్నాను. రెండు సాయంత్రాల్లో అయిపోతుందని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది.

రెండో రోజు, సోమవారం

అందరూ మొదట పట్టుకునే కొసనే నేనూ పట్టుకున్నాను. ఫోల్డర్‌ను క్రియేట్‌ఫైల్‌తో తెరిస్తే విండోస్ హ్యాండిల్ అనే టోకెను లాంటి సంఖ్య ఒకటి ఇస్తుంది. దాన్ని రీడ్‌డైరెక్టరీఛేంజెస్‌డబ్ల్యు అనే ఫంక్షన్‌కు ఇస్తే, లోపల జరిగే మార్పులను అది మన బఫర్‌లో, అంటే మనం కేటాయించిన మెమరీ ముక్కలో, నింపి ఇస్తుంది. ఫోల్డర్‌ను తెరవాలంటే బ్యాకప్ సెమాంటిక్స్ అనే ఫ్లాగ్ తప్పనిసరి. షేర్ డిలీట్ అనుమతి కూడా ఇవ్వకపోతే, కాపలా కాయవలసిన ప్రోగ్రామే ఆ ఫోల్డర్‌ను ఎవరూ తొలగించకుండా, పేరు మార్చకుండా అడ్డం పడుతుంది. బఫర్‌లో వచ్చే ప్రతి నమోదులోనూ తర్వాతి నమోదు ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె, జరిగిన చర్య సంఖ్య, పేరు పొడవు, ఆ తర్వాత పేరు వరుసగా ఉంటాయి. చర్య సంఖ్య 1 అయితే కొత్తగా చేరినట్టు, 2 అయితే పోయినట్టు, 3 అయితే మారినట్టు. 4, 5 జంటగా వస్తే పాత పేరు, కొత్త పేరు.

పరీక్ష కోసం ‘పెళ్లి’ అనే పేరుతో ఒక పేజ్‌మేకర్ ఫైలు పెట్టి తొలగించాను. తెర మీద పేరు సరిగానే మొదలైంది గాని, చివర అర్థం లేని గుర్తులు పది వచ్చి చేరాయి. గంటసేపు ఫాంటును అనుమానించాను. అసలు సంగతి పొడవు దగ్గర ఉంది. ‘పెళ్లి’ మన కంటికి రెండే అక్షరాలు. యూనికోడ్‌లో మాత్రం ప, ఎత్వం, ళ, పొల్లు, ల, గుడి కలిపి ఆరు. చుక్కతో సహా పీఎండీ అనే తోక నాలుగు. మొత్తం పది గుర్తులు, ఒక్కొక్కదానికి రెండు బైట్ల చొప్పున ఇరవై బైట్లు. విండోస్ ఇచ్చేది ఆ ఇరవై. నేను దాన్ని ఇరవై గుర్తులుగా తీసుకుని చదివాను. పేరు ఇక్కడితో అయిపోయిందని చెప్పే ముగింపు సున్నా కూడా ఉండదు కాబట్టి, ఆపేవారు లేక నా ప్రోగ్రాము పక్క నమోదులోకి జొరబడింది. రెండుతో భాగించగానే సరిపోయింది.

మూడో రోజు, మంగళవారం

ఈ రోజు ప్రోగ్రామును పెద్ద మెషీనులో ఉదయం నుంచి నడిపి, జరిగినవన్నీ అది వరుసగా రాసిపెట్టిన లాగ్‌ను సాయంత్రం చూశాను. దాని లెక్క ప్రకారం ఒక్క రోజులో పోయిన ఫైళ్లు వందకు పైనే. మావయ్య చూస్తే గుండె ఆగిపోయేది, అందుకని ముందు నేనే కూర్చుని వడపోశాను.

ఎక్కువ భాగం వర్డ్ చేసిన పని. వర్డ్‌లో ఒక ఉత్తరం తెరిస్తే, దాని పక్కనే టిల్డా, డాలర్ గుర్తులతో మొదలయ్యే చిన్న దాపరికపు ఫైలు ఒకటి పుడుతుంది, మూసేయగానే పోతుంది. సేవ్ చేసినప్పుడు కూడా వర్డ్ ఉన్న ఫైలు మీదనే రాయదు. కొత్త ప్రతిని తాత్కాలికపు పేరుతో రాసి, పాతదానికి మరో తాత్కాలికపు పేరు పెట్టి, కొత్తదానికి అసలు పేరు తగిలించి, చివరికి పాతదాన్ని తొలగిస్తుంది. మనిషి ఒకసారి సేవ్ నొక్కితే లాగ్‌లో ఒక జననం, రెండు నామకరణాలు, ఒక మరణం. తాత్కాలిక పేర్లను పక్కన పెట్టి, 4, 5 చర్యలను జంటగా చదివితే ఈ గోల చాలా వరకు తగ్గింది.

మిగిలిన వాటిలో కొన్ని, ఫైలును ‘పనులు’లోనే ఒక లోపలి ఫోల్డర్ నుంచి మరోదానికి జరిపినవి. వీటిని కూడా విండోస్ ఒక చోట పోయినట్టు, మరో చోట చేరినట్టుగానే చెబుతుంది. రెండూ ఒకే ఫైలని తేల్చడానికి పాత ఫంక్షన్ ఇచ్చే పేరు ఒక్కటే చాలదు. విండోస్ 10లో 1709 వెర్షన్ నుంచి దీని పెద్దన్న ఒకటి వచ్చింది, రీడ్‌డైరెక్టరీఛేంజెస్‌ఎక్స్‌డబ్ల్యు అంటారు. అది పేరుతో పాటు ఫైలు పరిమాణాన్ని, గుర్తింపు సంఖ్యను కూడా ఇస్తుంది. గుర్తింపు సంఖ్య కలిస్తే అది జరపడమే. దానికి మారిపోయాను.

నాలుగో రోజు, బుధవారం

తొలగింపులను ఒక్కొక్క రకంగా చేసి చూశాను. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన భాగం ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాసుకుంటున్నాను.

నలభై ఫైళ్లున్న ఒక ఫోల్డర్‌ను పెద్ద మెషీనులో మామూలుగా డిలీట్ నొక్కి తీసేశాను. లాగ్‌లో ఒకే ఒక్క నమోదు వచ్చింది, అదీ ఫోల్డర్ పేరు మీద. లోపలి నలభై ఫైళ్ల ప్రస్తావనే లేదు. ఇది లోపం కాదు. రీసైకిల్ బిన్‌లోకి పంపడమంటే అదే డ్రైవులో డాలర్ గుర్తుతో ఉన్న రీసైకిల్ బిన్ ఫోల్డర్‌లోకి పేరు మార్చి జరపడమే. కుటుంబం మొత్తం పెద్దతో పాటే కదిలిపోయింది, లోపలివారి పేర్లు మారలేదు. బిన్‌లో ఆ యూజర్ ఫోల్డర్ తెరిచి చూస్తే రెండు చేరి ఉంటాయి: డాలర్ ఆర్‌తో మొదలయ్యేది అసలు సరుకు, డాలర్ ఐతో మొదలయ్యేది దాని చీటీ. ఆ చీటీలో వెర్షన్ సంఖ్య, పరిమాణం, తొలగించిన సమయం, అసలు చిరునామా ఉంటాయి. సమయం మాత్రం 1601 జనవరి 1 నుంచి వంద నానోసెకన్ల ముక్కలుగా లెక్కపెట్టిన అంతర్జాతీయ కాలమానంలో ఉంటుంది. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన గోడ గడియారంతో సరిపోతుంది.

అదే ఫోల్డర్‌ను మళ్లీ పెట్టి షిఫ్ట్ పట్టి డిలీట్ చేశాను. ఇప్పుడు లోపలి ఫైళ్లు ఒక్కొక్కటే వరుసగా పోయి, చివర ఫోల్డర్ పోయింది. మూడోసారి, పక్క గదిలోని కంప్యూటరు నుంచి షేర్ ద్వారా, షిఫ్ట్ పట్టకుండా మామూలుగానే తొలగించాను. ఇక్కడా ఒక్కొక్కటే పోయాయి; పెద్ద మెషీను బిన్‌లోనూ, ఆ కంప్యూటరు బిన్‌లోనూ ఏమీ మిగలలేదు. నెట్‌వర్క్ షేర్ మీద ఎక్స్‌ప్లోరర్‌తో చేసిన తొలగింపుకు రీసైకిల్ బిన్ వర్తించదు. శుభలేఖ బిన్‌లో ఎందుకు దొరకలేదో దీనితో సగం తెలిసింది: పోయిన ఫైళ్లు పక్క గదుల నుంచే పోయి ఉండవచ్చు.

అదే రోజు రాత్రి

పాత బొమ్మల ఫోల్డర్ ఒకటి తుడిచేస్తే లాగ్ ఉన్నట్టుండి మూగబోయింది. ఫంక్షన్ విజయవంతమైనట్టే తిరిగి వచ్చింది, కానీ వచ్చిన బైట్లు సున్నా. బఫర్ పొంగిపోతే విండోస్ తప్పు జరిగినట్టు గట్టిగా చెప్పదు. ఉన్నదంతా పారబోసి, ‘ఏదో జరిగింది, నువ్వే వెళ్లి చూసుకో’ అన్నట్టు సున్నా చేతిలో పెడుతుంది. తర్వాతి పిలుపుల్లో బఫర్ పెంచి చూశాను, ఫలితం లేదు. హ్యాండిల్ మీద మొదటి పిలుపులో ఇచ్చిన పరిమాణంతోనే కెర్నెల్ (విండోస్‌కు గుండెకాయ లాంటి లోపలి భాగం) తన సొంత బఫర్‌ను కేటాయించుకుని, హ్యాండిల్ మూసేవరకు దాన్నే వాడుతుంది. మొదటి నుంచి పెద్ద బఫర్ ఇచ్చి, వచ్చిన నమోదులను వెంటనే ఒక వరుసలో పడేసి మళ్లీ పిలిచే థ్రెడ్ (ప్రోగ్రాములో పక్కపక్కనే నడిచే పాయ) ఒకటి, తీరిగ్గా చదివే థ్రెడ్ మరొకటి పెట్టాను. వేరే యంత్రంలోని షేర్‌ను కాపలా కాసేటట్టయితే 64 కేబీ దాటకూడదు; నాది సొంత డ్రైవే కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

ఐదో రోజు, గురువారం

కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ పది నిమిషాల్లో చేతులెత్తేసింది. ప్రోగ్రాము నడవని సమయంలో ఏం జరిగిందో ఈ పద్ధతి చెప్పలేదు. దానికి ఎన్‌టీఎఫ్‌ఎస్ (డ్రైవులో ఫైళ్లను సర్దిపెట్టే విండోస్ ఫైల్ సిస్టమ్) స్వయంగా రాసుకునే మార్పుల చిట్టా ఉంది. యూఎస్‌ఎన్ జర్నల్ అంటారు, విండోస్ 2000తో వచ్చింది. డ్రైవును అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచి, చివరిసారి ఎంతవరకు చదివామో ఆ సంఖ్య ఇస్తే అక్కడి నుంచి వినిపిస్తుంది. తొలగింపుకు ప్రత్యేకమైన కారణం గుర్తు ఉంటుంది. అడిగిన చోటు అప్పటికే చిట్టాలోంచి చెరిగిపోయి ఉంటే 1181 అనే ఎర్రర్ వస్తుంది. సగం పూటలో ఇది పని చేసింది.

కానీ ఈ రెండు దారుల్లోనూ ఒకటే వెలితి. ఏది పోయింది, ఎప్పుడు పోయింది అని చెబుతాయి గాని, ఎవరు తీశారన్నది రెండూ చెప్పవు. మావయ్య అడిగింది ఆ ఒక్కటే.

ఆరో రోజు, శుక్రవారం

విశాఖలో పని చేసే ఒక మిత్రుడు ఫోనులో, ‘డిలీట్‌ఫైల్ ఫంక్షన్‌నే దారి కాచి పట్టుకో’ అన్నాడు. అంటే ఎక్స్‌ప్లోరర్‌లోకి మన కోడ్ దూర్చి, అది ఆ ఫంక్షన్‌ను పిలిచినప్పుడల్లా ముందు మన దగ్గరికి వచ్చేలా మళ్లించడం. సరదాగా ఉంటుంది గాని ఇక్కడ పనికిరాదు. షేర్ ద్వారా వచ్చే తొలగింపును పెద్ద మెషీనులో కెర్నెల్‌లోని ఫైల్ షేరింగ్ డ్రైవరే నెరవేరుస్తుంది. ఆ యంత్రంలోని ఎక్స్‌ప్లోరర్‌కు దాని గాలి కూడా తగలదు. సింహద్వారం దగ్గర కాపలా పెడితే పెరటి తలుపు నుంచి పోయేవాడు దొరుకుతాడా?

రెండు తలుపులనూ చూడగలిగేది, ఫైల్ సిస్టమ్‌కు ముందు కూర్చునే మినీఫిల్టర్ డ్రైవరు. తొలగించమనే సూచన ఫైల్ సిస్టమ్‌కు చేరకముందే అది చూస్తుంది, కావాలంటే అనుమతి లేదని తిప్పి పంపుతుంది. అయితే ఆ సూచన రావడంతోనే ఫైలు పోయినట్టు కాదు. ‘మూసేటప్పుడు తొలగించు’ అని పెట్టిన గుర్తును మూసేలోపు వెనక్కి తీసుకోవచ్చు కూడా. తెరిచేటప్పుడే ఆ షరతుతో తెరిచేవారూ ఉంటారు. ఇవన్నీ చూసుకుంటూ రాయాలి, రాసినా 64 బిట్ల విండోస్ డిజిటల్ సంతకం లేని డ్రైవరును లోడ్ చేయదు. టెస్ట్ మోడ్ పెడితే నడుస్తుంది గాని, పెళ్లి సీజనులో రాబడి ఇచ్చే యంత్రం మీద చేసే ప్రయోగం కాదది. వదిలేశాను.

మిగిలింది ఆడిటింగ్, అంటే ఎవరు ఏ ఫైలును ముట్టారో విండోస్ చేతే రాయించడం. ఫైల్ సిస్టమ్ ఆడిట్‌ను ఆన్ చేసి, ‘పనులు’ ఫోల్డర్ ఆడిటింగ్ ట్యాబ్‌లో తొలగింపు హక్కులకు గుర్తు పెట్టాను. దీనితో సెక్యూరిటీ లాగ్‌లో 4663 నంబరు ఘటనలు రావడం మొదలైంది. దీన్ని గుడ్డిగా నమ్మకూడదు: పేరు మార్చడానికి కూడా తొలగించే హక్కే కావాలి గనుక అప్పుడూ 4663 వస్తుంది. నిజంగా తొలగింపు జరిగినప్పుడు వచ్చేది 4660. దానిలో ఫైలు పేరు ఉండదు, హ్యాండిల్ సంఖ్య మాత్రమే ఉంటుంది. ఆ సంఖ్యను పట్టుకుని, దానికి ముందు దగ్గరలో వచ్చిన 4663లోని పేరుతో ముడి వేయాలి. హ్యాండిల్ సంఖ్యలు మళ్లీ మళ్లీ వాడుకలోకి వస్తాయి కాబట్టి ‘దగ్గరలో’ అన్న మాట ముఖ్యం.

తీరా ముడి వేస్తే, యూజర్ పేరు అన్నిటికీ ఒకటే. సెంటరులో మిగతా రెండు కంప్యూటర్లూ ఒకే ఖాతాతో లాగిన్ అవుతున్నాయి. ఏ యంత్రం నుంచి వచ్చిందో తెలియాలంటే షేర్ వివరాల ఆడిట్ కూడా ఆన్ చేయాలి; అది 5145 నంబరు ఘటనలో అడిగిన కంప్యూటరు ఐపీ చిరునామా ఇస్తుంది. అయితే ఎవరు ఏ ఫైలును ముట్టినా అది రాస్తుంది. మొదట ఉన్న 20 ఎంబీ లాగ్ మధ్యాహ్నం భోజనాల వేళకే నిండి, పాతవి చెరిగిపోవడం మొదలైంది. లాగ్ పరిమాణం పెంచి, ఘటనలు వచ్చినవి వచ్చినట్టే ప్రోగ్రాముకు అందేలా ఈవీటీసబ్‌స్క్రైబ్ అనే ఫంక్షన్ వాడాను.

ఏడో రోజు, శనివారం

సాయంత్రం 6 గంటల 12 నిమిషాలకు ఒక శుభలేఖ పోయింది. ఐపీ చిరునామా పెద్ద ఆపరేటరు కంప్యూటరుదే. మావయ్య ముఖం గంభీరంగా మారింది. నేను ఆయనకు ఒక్క రోజు ఆగమని చెప్పాను. మనిషి అంత ఖాయంగా ‘సెరపనేదు’ అంటుంటే, యంత్రం ‘తొలగించాడు’ అంటుంటే, రెండూ నిజమయ్యే దారి ఏదైనా ఉందా అని ఒకసారి చూడాలనిపించింది.

ఆయన పెన్‌డ్రైవులో ఫైళ్లు పట్టుకుని ఆర్టీసీ కాంప్లెక్సుకు పోయి, విశాఖలో ఆఫ్‌సెట్ ప్రెస్సుకు బస్సెక్కే మనిషి. పెన్‌డ్రైవు ఎక్కగానే దాన్ని కూడా గమనించే చిన్న ప్రోగ్రామును రాత్రికి రాత్రి రాసి ఆయన కంప్యూటరులో పెట్టాను. పరికరం చేరినట్టు విండోస్ పంపే సందేశం అందుకుని, ఆ డ్రైవు మీద అదే పాత కాపలా ఫంక్షన్‌ను మొదలుపెట్టడం, అంతే. పెన్‌డ్రైవులోని ఎఫ్‌ఏటీ అనే పాత ఫైల్ సిస్టమ్ మీద మార్పుల చిట్టా ఉండదు గాని, ఈ ఫంక్షన్ పని చేస్తుంది.

ఎనిమిదో రోజు, ఆదివారం

ముందు ఒక తలనొప్పి. పెన్‌డ్రైవును సురక్షితంగా తీయబోతే, వాడుకలో ఉందంటూ విండోస్ ఒప్పుకోలేదు. పెద్దాయనకు బస్సు వేళ. నా ప్రోగ్రామే ఆ డ్రైవు హ్యాండిల్‌ను పట్టుకుని కూర్చుంది. టాస్క్ మేనేజరులో దాన్ని చంపి ఆయన్ను పంపించాను. హ్యాండిల్ పేరిట పరికర సూచనలకు ముందే నమోదు చేసుకుని, ‘తీయవచ్చా’ అన్న ప్రశ్న రాగానే హ్యాండిల్ మూసేయాలన్నది పుస్తకాల్లో ఉన్న విషయమే, తొందరలో వదిలేశాను.

బస్సెక్కేలోపు జరిగింది మాత్రం లాగ్‌లో పడింది. పెన్‌డ్రైవులో శుభలేఖ ఫైలు చేరింది. దాని మీద మూడు మార్పు నమోదులు వచ్చాయి. రెండు సెకన్ల తర్వాత పెద్ద మెషీనులో అదే పేరుతో, అదే పరిమాణంతో ఉన్న ఫైలు పోయింది. కట్, పేస్ట్. ఒక డ్రైవు నుంచి మరో డ్రైవుకు జరపడమనేది విండోస్‌లో ఒక పని కాదు, రెండు పనులు: ముందు కాపీ, అది పూర్తయ్యాక అసలుదాని తొలగింపు.

తొమ్మిదో రోజు, సోమవారం

ఆయన తిరిగి వచ్చాక అడిగితే, ‘సెరపనేదు బావూ, అట్టుకెల్నాను’ అన్నాడు. ఆయన ట్రేసింగ్ పేపరు మీద అచ్చు తీసి ప్లేటుకు ఇచ్చిన కాలం నుంచి ఈ పనిలో ఉన్నాడు. అప్పట్లో అసలుదే ప్రెస్సుకు వెళ్లేది, సెంటరులో మిగిలేది ప్రూఫు కాగితం. అసలు ఇక్కడే ఉండి, నకలు వెళ్లాలన్నది ఆయనకు ఎవరూ చెప్పలేదు. ప్రెస్సువారు పెన్‌డ్రైవు ఖాళీ చేసి ఇస్తే, ఆ ఫైలు ఇక ఎక్కడా ఉండదు.

పదో రోజు, మంగళవారం

ఆయనకు కాపీ, పేస్ట్ నేర్పాము. కానీ పాతికేళ్ల చేతి అలవాటు వారంలో మారదు కాబట్టి, ఆ ఖాతాకు ‘పనులు’ ఫోల్డర్‌లో తొలగించే హక్కు తీసేసి చూశాను. పదిహేను నిమిషాల్లో రెండో ఆపరేటరు అమ్మాయి పరుగెత్తుకొచ్చింది: వర్డ్‌లో ఏదీ సేవ్ కావడం లేదు. పోయిన మంగళవారం రాసుకున్నది నేనే మరిచిపోయాను. వర్డ్ సేవ్‌లో తొలగింపూ, పేరు మార్పూ ఉన్నాయి. హక్కు తిరిగి ఇచ్చేశాను.

చివరికి హార్డ్ లింక్ దగ్గర ఆగాను. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఒకే ఫైలుకు ఒకటికి మించి పేర్లు ఉండవచ్చు, ఒక్కో పేరు ఒక హార్డ్ లింక్. అన్ని పేర్లూ పోయినప్పుడే సరుకు పోతుంది. ‘పనులు’లో కొత్త ఫైలు చేరగానే, షేర్ కాని ‘నీడ’ అనే ఫోల్డర్‌లో క్రియేట్‌హార్డ్‌లింక్‌డబ్ల్యు దానికి ఇంకో పేరు తగిలిస్తుంది. డిస్కులో అదనపు చోటు పట్టదు. వర్డ్ సేవ్ చేసినప్పుడు ఆ పేరు మీద కొత్త ఫైలు వచ్చి కూర్చుంటుంది కాబట్టి, కొత్త పేరు నమోదు వచ్చిన ప్రతిసారీ నీడను కూడా మార్చి కట్టాలి. ఇది పోయినదాన్ని కాపాడుతుంది గాని, పాడు చేసినదాన్ని కాపాడదు. ఫైలు లోపల మార్పులు చేస్తే నీడలోనూ అవే కనిపిస్తాయి.

పన్నెండో రోజు, గురువారం

పెద్దాయన మళ్లీ కట్ చేశాడు. నీడలో ఫైలు భద్రంగా ఉంది, అర నిమిషంలో వెనక్కి పెట్టాము. కానీ యూఎస్‌ఎన్ చిట్టా చదివే నా భాగం మాత్రం కిక్కురుమనలేదు. కోడ్ చెడిపోయిందనుకుని గంటన్నర తవ్వాను. చిట్టాలో నమోదు ఉంది. దాని కారణం తొలగింపు కాదు, హార్డ్ లింక్ మార్పు. రెండు పేర్లలో ఒకటి పోయింది గాని ఫైలు పోలేదు, కాబట్టి ఎన్‌టీఎఫ్‌ఎస్ ఆ మాట రాయలేదు. పెద్దాయన మొదటి నుంచీ అంటున్నదానికి ఇన్నాళ్లకు డిస్కు వత్తాసు పలికినట్టయింది. ఆ కారణం గుర్తును కూడా జల్లెడలో చేర్చాను.

ఇక మిగిలింది, నీడలోని పేర్లను ఎన్ని రోజులకు తీసేయాలన్నది. ముప్పై రోజులు చాలునని నేను అన్నాను. మావయ్య, ‘పెళ్లివారు బాకీ తీర్చేవరకు ఉంచరా’ అన్నాడు. ఆ లెక్కన గడువును ప్రోగ్రాములో అంకెగా రాయలేను. బాకీల పుస్తకంలో కొట్టివేసిన పేర్లను ఆయనే వారానికోసారి ఒక టెక్స్ట్ ఫైలులో రాసి పెట్టాలి. ఆ ఫైలును చదివే భాగం ఆదివారం మొదలుపెడతాను.